ఉత్త సూదే కదా అనుకున్న రోజులు

మా వీధి మలుపులో ఈ మధ్య ఒకమ్మాయి ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టింది. ప్రారంభం రోజు నన్ను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పింది. "సార్, మీరు గిన్నేండ్లు గీ ఊర్లనే పని చేసిన్రు గదా, మాకు నాలుగు మాటలు చెప్పుండ్రి" అంది. నేను లేచి నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద చికిత్సల పట్టిక, అందులో నాలుగో వరుసలో 'డ్రై నీడ్లింగ్' అని కనిపించింది. అంతే, చెప్పాలనుకున్నవన్నీ ఎగిరిపోయాయి. "మంచిగ నడవాలె బిడ్డా" అని, చాయ్ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక కూర్చోబుద్ధి కాలేదు. టీవీ పెట్టాను, ఆపేశాను. పేపరు తీశాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంటే మా ఆవిడ "ఏమైంది, గాడ ఎవలన్న ఏమన్న అన్నరా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది నేనే, అనకుండా వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కడెక్కడ ఉద్యోగం చేశాను, ఏ సర్టిఫికెట్లు వచ్చాయి అన్న సంగతులు ఇందులో ఉండవు. ఒక దర్జీ, అతని కాలు, నా నోరు. ఈ మూడే ఉంటాయి.

కరెంటు లేని కరెంటు డాక్టరు

హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి ఎనభైల చివర సిద్దిపేటకు తిరిగొచ్చినప్పుడు నేనేం చదివానో మా బాపుకే అర్థం కాలేదు. "మాలిష్ చేసుడుకు కూడ కాలేజి ఉంటదా?" అన్నాడు. ఊరి ఎముకల డాక్టరు గారి నర్సింగ్ హోమ్‌లో వెనక గది ఇచ్చారు. అందులో నొప్పి మీద కరెంటు పెట్టే మిషన్ ఒకటి, వేడి పెట్టె ఒకటి, మెడ లాగే తాడు ఒకటి. మిషన్ పెట్టగానే ఒళ్లు జివ్వుమనేది కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు 'కరెంటు డాక్టరు' అయిపోయింది. అసలు పేరు పోస్టుమ్యాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

అయితే కరెంటు డాక్టరుకు కరెంటు ఉండాలి కదా. ఆ రోజుల్లో పొద్దున పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. రాయపోల్ నుంచి, అక్కన్నపేట నుంచి బస్సెక్కి వచ్చిన ముసలివాళ్లు బెంచీ మీద వరసగా కూర్చుని, పని చేయని ఫ్యాను వైపు, పని లేని నా వైపు మార్చి మార్చి చూసేవారు. ఖాళీగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. మా ఎముకల డాక్టరు గారికి అసలే పడదు. ఆయన చెయ్యి మంచిది, గుణం తొందర. "ఏమయ్యా, పేషెంటును గంట సేపు కూసోపెడితే నొప్పి తగ్గుతదా, కోపం పెరుగుతదా?" అనేవాడు.

తొంభైల మొదట్లో ఆయన ఏదో డాక్టర్ల సభకు వెళ్లి ఒక కొత్త విద్య నేర్చుకొచ్చాడు. కండరంలో నొప్పి ముడి ఎక్కడుందో వేలితో వెతికి, అందులోకి సన్న సూది దింపడం. సూదిలో మందు ఉండదు. ముడికి తగలగానే కండరం ఒక్కసారి ఎగిరి, ఆ తరువాత సడలుతుంది. ఇప్పటి పిల్లలు డ్రై నీడ్లింగ్ అంటున్నది అదే. మేము 'ఉత్త సూది' అనేవాళ్లం. నాకు పదిహేను రోజులు దగ్గరుండి నేర్పాడు. నా వేళ్లకు అది ఇట్టే పట్టుబడింది. అన్నిటికన్నా గొప్ప సంగతి, దానికి కరెంటు అక్కర్లేదు. కరెంటు పోగానే నేను సూది తీసేవాణ్ని. బెంచీ ఖాళీ అయ్యేది.

మందున్న ఇంజెక్షన్ ఇచ్చే ముందు మా కమలమ్మ సిస్టర్ ఒక చీటీ రాసేది. ఏ సూదైనా పడలేదా, బీపీ ఉందా, షుగరుందా, ఏ గోలీలు వేసుకుంటున్నారు, ఆపరేషన్లేమైనా అయ్యాయా. ఉత్త సూది మొదలుపెట్టినప్పుడు ఆమె వచ్చి అడిగింది.

"సార్, మీ పేషెంట్లకు గూడ చీటీ రాయాల్నా?"

"ఉత్త సూదే గద సిస్టర్. మందే లేనిదానికి చీటీ దేనికి?" అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ మాట నాదే. ఇంకెవరి మీదా పెట్టను.

ఖాజా భాయ్ పిక్క

ఖాజా మియా పాత బజారులో దర్జీ. మా పెళ్లికి నా ప్యాంటు, చొక్కా అతనే కుట్టాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు, మాట మెత్తన. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా కుడి కాలితో మిషన్ తొక్కడమే. రంజాన్‌కు ఇంకా నెల ఉందనగా బట్టలు వచ్చి పడేవి. అలాంటి రోజుల్లో ఒక సోమవారం కుడి పిక్క పట్టేసిందని కుంటుకుంటూ వచ్చాడు. అంతకు మూడు రోజుల ముందే మా డాక్టరు గారికి చూపించుకుని నొప్పి గోలీలు తీసుకెళ్లాడు. తగ్గలేదు.

"డాక్టర్ సాబ్, జర జల్ది చేయుండ్రి. గాడ బట్టలు గుట్టలు పడ్డయి" అన్నాడు.

కరెంటు లేదు. బెంచీ మీద ఇంకా ఏడుగురున్నారు. బోర్లా పడుకోబెట్టి పైజామా మోకాలి దాకా మడిచాను. పిక్కలో ముడి గోలీకాయంత చేతికి తగిలింది. ఫ్యాను ఆగిన గదిలో చప్పుడే లేదు. ఎక్కడో టిక్, టిక్ మని వినిపిస్తోంది. చొక్కా జేబులో గడియారం పెట్టుకున్నాడు కాబోలు అనుకున్నాను. బాగా గుర్తుంది, ఆ ఆలోచన వచ్చింది, పోయింది. సూది లోతుగా ఐదు చోట్ల దింపాను. కండరం చేపలా ఎగిరింది. నాకు సంతోషమేసింది. అతనూ లేచి నాలుగడుగులు వేసి "మాషా అల్లా, హల్కగైంది సాబ్" అన్నాడు.

వచ్చిన పేషెంటును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేమేమో రోగి తనంతట తానే అన్నీ చెప్పాలన్నట్టు కూర్చునేవాళ్లం.

మరునాడు మళ్లీ వచ్చాడు. పిక్క వాచింది, గట్టిగా ఉంది. సూది తరువాత ఒకటి రెండు రోజులు నొప్పి ఉండటం మామూలే. నేను దాన్ని ఆ ఖాతాలోనే వేశాను. ఆ రోజు కరెంటు ఉంది. కరెంటు ఉన్న సంబరంలో ఇరవై నిమిషాలు వేడి పెట్టాను. గోరుచుట్టు మీద రోకలి పోటు అంటే అదే. లోపల నెత్తురు కారుతున్న కాలికి వేడి పెడితే ఏమవుతుందో మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెబుతారు. నెత్తురు కారుతోందన్న ఆలోచనే రాలేదు కాబట్టి ఆ సంగతి నాకు నేనే చెప్పుకోలేదు.

జేబులో గడియారం లేదు

బుధవారం రిక్షాలో వచ్చాడు. వెంట అతని భార్య జైనబ్ బీ. పిక్క తొడంత అయింది. మడమ దాకా నల్లగా, నీలంగా రంగు దిగింది. పాదం మీద మొద్దుబారినట్టుందన్నాడు. మళ్లీ కరెంటు పోయింది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాను. మళ్లీ అదే టిక్, టిక్.

"ఖాజా భాయ్, గడియారం తీసి పక్కకు పెట్టుండ్రి. గా సప్పుడుకు నాకు చెయ్యి ఆడుతలేదు" అన్నాను.

అతను నొప్పిలోనే నవ్వాడు. "గడియారం ఏడిది సాబ్ నాకు? గిది నా దిల్."

చొక్కా పై గుండీ విప్పాడు. గొంతు కింది నుంచి పొట్ట మీది దాకా నిలువునా పాత కుట్టు మచ్చ. ఆరేండ్ల కింద హైదరాబాదులో పెద్ద దవాఖానలో గుండె వాల్వు మార్చారట. లోహపు వాల్వు. అది మూసుకున్నప్పుడల్లా చేసే చప్పుడే నేను విన్నది.

"మరి గోలీలు?"

"రోజు ఒక్కటి. నెత్తురు పల్చగ ఉండాలెనని ఇచ్చిన్రు. జిందగీ అంత ఏస్కోవాలె అన్నరు."

"గీ ముచ్చట మొన్న ఎందుకు చెప్పలే?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు అడగలే గద సాబ్. నా బీమారీ ఆపరేషన్‌తోనే పాయె. గోలీ అంటే రోజు చాయ్ తాగినట్టే. కాలు నొప్పికి దిల్ సంగతి ఎందుకనుకున్న."

ఆ చివరి మాట నాకు తగిలింది. నేను అనుకున్నదీ అదే కదా. ఒక్క గుండీ విప్పించి ఉంటే ఆ సోమవారమే మచ్చ కనపడేది. నేను పైజామా మడిచాను, చొక్కా జోలికి పోలేదు.

ఏం జరిగిందో అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది. పలచని రక్తం ఉన్న మనిషికి లోతుగా, పైనుంచి నొక్కి ఆపలేని చోట, ఐదు పోట్లు పొడిచాను. మా డాక్టరు గారి నొప్పి గోలీలు రక్తాన్ని ఇంకాస్త ఆగకుండా చేశాయి. ఆ మీద నేను వేడి పెట్టాను. నోట్లోంచి ఆలోచించకుండా ఒక మాట వచ్చింది.

"గా నెత్తురు గోలీ బంద్ చేయుండ్రి. నొప్పి గోలీ గూడ బంద్."

నొప్పి గోలీ ఆపమనడం సరే. ఆ మొదటి మాట మాత్రం నేను వృత్తిలో అన్న మాటలన్నిటిలోకీ ప్రమాదమైనది. ఆ గోలీ లేకపోతే వాల్వు మీద రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం, వాల్వు అక్కడే మూసుకుపోతే చావు. కాలిలో కారిన రక్తాన్ని ఆపబోయి మనిషినే పణంగా పెట్టాను. ఆపాలా, తగ్గించాలా, ఎన్ని గంటలు, దాని బదులు ఏం ఇవ్వాలి అన్నది గుండె డాక్టరు చూసుకునే లెక్క. పిక్కలు పిసికేవాడి లెక్క కాదు.

దాచిన రెండు రోజులు

అప్పుడే లోపలికెళ్లి మా డాక్టరు గారికి చెప్పాల్సింది. ఆయన ఆపరేషన్‌లో ఉన్నాడు. బయటికొచ్చాక చెప్పవచ్చు అనుకున్నాను. వచ్చాక పేషెంట్లున్నారు అనుకున్నాను. తరువాత ఆయన భోజనానికి వెళ్లాడు. నిజం ఏమిటంటే భయం. ఉద్యోగం పోతుందని, ఊళ్లో పేరు పోతుందని.

గురువారం రెండు సార్లు అతని ఇంటికి పోయాను. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. పిక్క చుట్టూ టేపు పెట్టి కొలిచాను. దర్జీ ఇంట్లో టేపుకేం కొదవ. గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి కొలిచాను. ఆ రోజు ఏ పేషెంటుకు ఏం చేశానో గుర్తులేదు. మిషన్ పెట్టి మరిచిపోతే నారాయణరావుపేట ముసలాయన "సారూ, సుర్రు సుర్రు మంటుంది, బంద్ చేయవా?" అని అరిచాడు. జైనబ్ బీ మాత్రం నేను వెళ్లినప్పుడల్లా చాయ్ పెట్టింది. "మీరు గింత దిల్ తోటి సూస్తున్నరు సాబ్, అల్లా మిమ్ములను సల్లగ సూడాలె" అంది. ఆ చాయ్ తాగి, మళ్లీ టేపు తీశాను.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి కాలి వేళ్లు పైకి లేపలేకపోతున్నాడు. "లేపుండ్రి" అంటే లేపుతున్నాననే అనుకుంటున్నాడు. వేళ్లు కదలడం లేదు. పిక్క మీద చర్మం బిగిసి మెరుస్తోంది. అక్కడి నుంచి నర్సింగ్ హోమ్ దాకా పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. డాక్టరు గారి గదిలోకి తలుపు తట్టకుండా దూరి, ఉన్నది ఉన్నట్టు మొత్తం చెప్పేశాను.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మొదట లేచి కారు తీయమన్నాడు. తరువాత ఒక్కటే అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"బుధవారం సార్."

"ఇయ్యాల శుక్రవారం." ఆయన నా కళ్లలోకి చూడలేదు. "సూది పొడిసినందుకు నిన్ను అన. నేర్పింది నేను. రెండు దినాలు నోరు మూసుకున్నవ్ చూడు, గది నేను నేర్పలే."

ఆ తరువాత ఖాజా భాయ్ పాత మందుల చీటీ తెప్పించి చూశాడు. తను రాసిన నొప్పి గోలీల మీద వేలు పెట్టి, కమలమ్మ సిస్టర్ ముందే "గిండ్ల సగం తప్పు నాది" అన్నాడు. చాలామంది పెద్ద డాక్టర్ల దగ్గర పని చేశాను. చిన్నవాళ్ల ముందు అలా వేలు పెట్టి చూపించుకున్నవాణ్ని ఆయన్నొక్కణ్నే చూశాను. నాకు ఆయన మీద అప్పటి దాకా భయం ఉండేది. గౌరవం ఆ రోజు పుట్టింది.

ఎర్ర సిరా

అంబాసిడర్ వెనక సీట్లో ఖాజా భాయ్, అతని కాలు జైనబ్ బీ ఒళ్లో. ముందు సీట్లో నేను. గజ్వేల్ మీదుగా హైదరాబాదు దారి పట్టాం. గతుకు వచ్చినప్పుడల్లా అతను "యా అల్లా" అనేవాడు, నేను వెనక్కి తిరిగి వేళ్లు చూసేవాణ్ని. ఇంజను చప్పుడులో ఆ టిక్ టిక్ వినిపించేది కాదు. వినిపించకపోతే అదో భయం. ప్రతి ఊళ్లో కారాపించి చెవి పెట్టి వినాలనిపించింది.

పెద్ద దవాఖానలో సర్జన్లు కాలు చూసి వెంటనే థియేటర్‌కు తీసుకెళ్తామన్నారు. పిక్కను నిలువునా తెరిచి లోపలి ఒత్తిడి తీయాలి, లేకపోతే కాలే తీయాలి. ముందు గుండె డాక్టరు వచ్చాడు. ఖాజా భాయ్ పాత నోటుబుక్కు తెరిచాడు. రక్తం ఎంత పలచగా ఉందో నెల నెలా పరీక్ష చేసి రాసే బుక్కు అది.

"గోలీ చివరిసారి ఎప్పుడు వేసుకున్నావు?"

"మంగళవారం సార్."

"మంగళవారమా? తరువాత ఎవరు ఆపమన్నారు?"

నేను మంచానికి ఇవతల రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఖాజా భాయ్ ఒక్కసారి నా వైపు చూశాడు. తరువాత పైకప్పు వైపు చూస్తూ, "ఎవలు గాదు సార్. రంజాన్ బట్టల పనిల పడి నేనే మరిచిన" అన్నాడు.

ఆ డాక్టరు తిట్టాడు. మామూలుగా తిట్టలేదు. "మనిషివా, గొడ్డువా? ఇంత పెద్ద ఆపరేషన్ చేసి బతికిస్తే, ఒక్క గోలీ గుర్తుండదా? రేపు వాల్వు మూసుకుపోతే ఎవరు జవాబుదారు?" జైనబ్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు నిజం తెలుసు. ఆమె కూడా నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. మూడు నాలుగు క్షణాల పని. 'నేను ఆపమన్నాను సార్' అంటే అయిపోయేది. అనలేదు. డాక్టరు ఎర్ర సిరా పెన్ను తీసి ఆ బుక్కు మొదటి పేజీ మీద, ఎవరు తెరిచినా ముందు కనపడేలా, గోలీలు మరిచిపోయే మనిషి అని ఇంగ్లీషులో రాసి కింద రెండు గీతలు గీశాడు.

కాలు దక్కింది. వాల్వు కూడా ఆగలేదు. కాని ఆ పాదానికి పూర్తి బలం మళ్లీ రాలేదు. మిషన్ తొక్కే కుడి పాదం అది.

బట్ట కత్తిరించే ముందు

ఏడు నెలలు రోజూ మధ్యాహ్నం అతని దుకాణానికే వెళ్లి కాలికి వ్యాయామం చేయించాను. మిషన్‌కు మోటారు పెట్టించుకోమన్నాను. "కరెంటు ఉంటె గద సాబ్" అని నవ్వాడు. చివరికి మిషన్ కింద పలకను జరిపించి ఎడమ కాలితో తొక్కడం నేర్చుకున్నాడు. నలభై దాటాక తొక్కే కాలు మార్చడమంటే రాసే చెయ్యి మార్చడం లాంటిదే. మొదట్లో దారం తెగేది, కుట్టు వంకర పోయేది. ఆ ఏడు రంజాన్ బట్టలు సగం పక్క దుకాణానికి పోయాయి. అతను ఆ సంగతి ఎత్తలేదు. నేనే గమనించాను.

ఒక రోజు ఎవరికో పైజామా కొలత తీస్తున్నాడు. మనిషిని నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాడు. ఒక భుజం కిందికుందా, నడుము వంగిందా, కూర్చుని చేసే పనా, నిలబడి చేసేదా, అన్నీ అడిగాడు. ఆ మనిషి వెళ్లాక "పైజామాకు భుజంతో ఏం పని ఖాజా భాయ్?" అని అడిగాను.

"భుజం వంగినోడు నిలవడే తీరు వేరే ఉంటది సాబ్. నడుము మీద బట్ట ఒక దిక్కు జారుతది." కత్తెర పక్కన పెట్టి నా వైపు చూశాడు. "కత్తెర పెట్టినంక బట్ట అతకదు. గందుకే ముందే నిండు మనిషిని చూస్త. మీరు నా పిక్క ఒక్కటే చూసిన్రు."

కోపంతో అనలేదు. తన పని గురించి మాట్లాడుతున్నట్టే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. చదువుకున్న ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

అప్పటి నుంచి నా గదిలో చీటీ లేనిదే సూది లేదు. ప్రశ్న కూడా మార్చాను. 'గోలీలు ఏమైనా వాడుతున్నారా' అని అడిగితే లేదంటారు. రోజూ వేసుకునేదాన్ని మనవాళ్లు మందుల లెక్కలో వేయరు. 'పొద్దున లేచినప్పటి నుంచి పండుకునే దాకా నోట్లో ఏమేం ఏస్కుంటరు?' అని అడగండి. 'హైదరాబాదు దవాఖానకు ఎన్నడన్న పోయిన్రా, ఎందుకు?' అని అడగండి. ఇంట్లోని గోలీలు సంచిలో వేసి తెమ్మనండి. మడమ నొప్పికి వచ్చినా చొక్కా పై గుండీ విప్పించండి. ఆడవాళ్లయితే పక్కన సిస్టర్‌ను పెట్టుకుని అడగండి, సిగ్గుపడి మానకండి.

భయం కూడా వైద్యం కాదు

ఇక్కడ ఇంకో తప్పు ఒప్పుకోవాలి. ఖాజా భాయ్ సంగతి తరువాత నేను మరీ పిరికివాణ్నయ్యాను. రక్తం పలచన చేసే గోలీ అన్న మాట వినబడితే చాలు, దండం పెట్టి పంపేసేవాణ్ని. అక్కన్నపేట నుంచి ఒకామె మెడ నొప్పితో వచ్చింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని ఆ గోలీ వాడుతోంది. "నా తోటి గాదవ్వా" అన్నాను. "ముట్టుకోనన్న ముట్టవా సారూ?" అంది. ముట్టలేదు. ఆమె వెళ్లి ఊళ్లో ఎవరి దగ్గరో నడుము కింద నొప్పి మందు సూది పొడిపించుకుంది. వారానికి అరచేతి వెడల్పున నల్లటి వాపుతో తిరిగొచ్చింది. నేను కాదన్నంత మాత్రాన ఆమె నొప్పి ఊరుకోలేదు. ఇంకో సూదిని వెతుక్కుంది.

అప్పుడు సిగ్గు విడిచి, ఖాజా భాయ్‌ని తిట్టిన ఆ గుండె డాక్టరు దగ్గరికే వెళ్లి అడిగాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, ఓపిగ్గా చెప్పాడు. ఆ గోలీ వేసుకునేవాళ్లకు ఉత్త సూది అసలే కూడదని కాదు. కాని ముందు చేత్తో, వ్యాయామంతో అయ్యే పని చేసి చూడాలి. రక్తం పరీక్ష ఈ మధ్యే చేయించి ఉండాలి, అది వాళ్ల డాక్టరు చెప్పిన హద్దులో ఉండాలి. వాళ్ల డాక్టరుకు తెలిసి చేయాలి. అన్నిటికన్నా సన్నని సూది, పైపైన ఉన్న కండరం, వేలితో నొక్కి ఆపగల చోటు, ఒకటి రెండు పోట్లు, అంతే. తీశాక నిమిషాల కొద్దీ నొక్కి పట్టి, వాపు లేదని చూశాకే పంపాలి. పిక్క లోతులు, నడుము లోపలి కండరాలు, వేలికి అందని చోట్లు, వాటి జోలికి పోవద్దు. వాపు, మొద్దుబారడం, పెరిగే నొప్పి వస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలో పేషెంటుకూ ఇంట్లోవాళ్లకూ చెప్పి పంపాలి. గోలీ మాత్రం ఆపమనవద్దు, ఒక్క పూటకైనా.

చివరి మాట చెప్పేటప్పుడు ఆయన వేలు ఎత్తి చూపించాడు. అప్పుడైనా చెప్పవచ్చు, 'ఆ రోజు ఆపమన్నది నేనే' అని. నోటి దాకా వచ్చింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఐదేండ్లకు

ఆ ఎర్ర సిరా బుక్కు ఖాజా భాయ్‌ని వదల్లేదు. నెల నెలా పరీక్షకు వెళ్లేవాడు. డాక్టర్లు మారేవారు, బుక్కు మారేది కాదు. ప్రతి కొత్త డాక్టరూ మొదటి పేజీ తెరవడం, తల ఎత్తి ఇతన్ని చూడటం, తిట్టడం. ఒక్క గోలీ మరవని మనిషి, మరిచిపోయేవాడన్న పేరు మోశాడు. ఒకసారి పరీక్షలో తేడా వస్తే గోలీ మోతాదు సరిచూడకుండా "నువ్వు వేసుకోవు, అందుకే" అని పంపేశారట. ఆ నెలంతా నాకు నిద్ర లేదు. నా అబద్ధం ఇంకా అతని ఒంట్లో పని చేస్తూనే ఉంది.

ఐదో ఏడు ఒకసారి నేనూ వెంట వెళ్లాను. జైనబ్ బీకి ఒంట్లో బాగాలేదు. బస్సులో ఉన్నంత సేపూ నేను కిటికీ తెరిచి మూస్తూనే ఉన్నాను. ఖాజా భాయ్ రెండు సార్లు "ఏమైంది సాబ్?" అన్నాడు. కొత్త డాక్టరు కుర్రవాడు. బుక్కు తెరిచాడు, మొదటి పేజీ చూశాడు, తల ఎత్తాడు.

"పెద్దాయనా, గోలీలు మరిచిపోతావట కదా? ప్రాణం మీద ఆశ లేదా?"

"జీ సార్, ఇగ మరవ" అన్నాడు ఖాజా భాయ్, అలవాటుగా, తల వంచి.

"అతను మరవలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను ఫిజియోథెరపిస్టును. అడగకుండా సూది పొడిసింది నేను. గోలీ ఆపమన్నది నేను. ఆ రోజు ఇతను నన్ను కాపాడటానికి అబద్ధమాడిండు, నేను పక్కనే ఉండి ఊరుకున్న."

ఆ చిన్న గదిలో ఖాజా భాయ్ గుండె చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. కుర్ర డాక్టరు బుక్కు దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను తీసి ఎర్ర గీతల మీద అడ్డంగా కొట్టేసి, పక్కన జరిగింది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు.

బయట మెట్ల మీద ఖాజా భాయ్ కుడి కాలు ఈడ్చుకుంటూ మెల్లగా దిగుతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. "ఆ దినం నా పేరు ఎందుకు చెప్పలే ఖాజా భాయ్?" అని అడిగాను.

"గా దినం మీ మొఖం చూసి నాకే భయమైంది సాబ్. నా కాలు పోతె పోయె, గీయన గుండె ఆగేటట్టుందనుకున్న."

ఇంకో రెండు మెట్లు దిగాడు. నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"ఇంటికి పోయినంక మీరే చెప్తరనుకున్న. మల్ల నెల చెప్తరనుకున్న. గిట్ల ఐదేండ్లు చూసిన సాబ్."